వెనక బంపరు కొనేముందు వెనక తలుపు తీసి చూడండి

అమెరికాలో కాపురాలు చేసుకుంటున్న మన ఆడపడుచుల దగ్గర్నుంచి ఈమధ్య ఓ కొత్త రకం ప్రశ్న వినిపిస్తోంది. “మావారు క్యాంపర్ వ్యాను కొన్నారండీ. ఇప్పుడు దానికి వెనక బంపరు మార్పిస్తారట. మూడు నాలుగు వేల డాలర్లంటున్నారు. అంత డబ్బు పోసి కొనాల్సిన వస్తువేనా?” అని.

చారుపొడి కొలతలూ, చీరల మీద మరకలూ చెప్పుకునే చోట ఈ బంపరు గొడవేమిటని మిగతావాళ్లు ముక్కున వేలేసుకోకండి. క్యాంపర్ వ్యానంటే ఉత్త బండి కాదు, నాలుగు చక్రాల మీద కట్టుకున్న ఇల్లు. పొయ్యి, సింకు, మంచం, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్జు అన్నీ అందులోనే. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, ఏది ఎంత బరువో ఇల్లాలికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అలాంటప్పుడు ఆ ఇంటి వెనక గోడకి ఏం తగిలించాలో నిర్ణయించేటప్పుడు మాత్రం మనం పక్కకెందుకు తప్పుకోవాలి చెప్పండీ? మీ అబ్బాయో, అమ్మాయో అక్కడుంటే ఈ పేజీ చింపి పంపండి. ఇక్కడున్నవారికి పనికొచ్చే మాట కూడా చివర్లో ఉంది.

అసలు ఎందుకు మారుస్తారు?

అక్కడ క్యాంపర్లుగా మార్చుకునే పెద్ద వ్యాన్లు ముఖ్యంగా మూడు. మెర్సిడెస్ వారి స్ప్రింటర్, ఫోర్డ్ వారి ట్రాన్సిట్, రామ్ వారి ప్రోమాస్టర్. మూడూ సామాన్లు మోయడానికీ, మనుషుల్ని ఎక్కించుకోవడానికీ పుట్టిన బళ్లే. వాటితో వచ్చే వెనక బంపరు పైకి కనిపించేంత గట్టిది కాదు, చాలావరకు ప్లాస్టిక్ తొడుగే. ఊళ్లో తిరగడానికి అది చాలు. కొండదారి పట్టినప్పుడే చిక్కు.

బండి ఓ గుంటలోకి దిగి ముందు చక్రాలతో పైకెక్కిందనుకోండి, వెనక భాగం కిందికి వంగి నేలకి రాసుకుంటుంది. వెనక చక్రం నేలని తాకే చోటు నుంచి బండి వెనక అన్నిటికన్నా కిందకి ఉన్న భాగం దాకా ఓ గీత గీస్తే, ఆ గీతకీ నేలకీ మధ్య ఉండే కోణాన్ని డిపార్చర్ యాంగిల్ అంటారు. అది ఎంత ఎక్కువుంటే బండి వెనక భాగం అంత తేలిగ్గా గుంట దాటుతుంది. విడిగా కొనే బంపర్లలో మంచివి అంచులు పైకి కోసినట్టు ఉంటాయి, ఆ కోణం పెరుగుతుంది. ఇది ఒక కారణం.

రెండో కారణం, సామాన్లు తగిలించుకోవడం. స్టెప్నీ, సైకిళ్లు, తడిబట్టలూ బురద చెప్పులూ పడేసే పెట్టె, వీటన్నిటికీ లోపల చోటుండదు. అందుకని బంపరుకి రెండు పక్కలా కీళ్ల మీద తిరిగే ఇనప చేతులు పెడతారు. వాటిని స్వింగ్ ఆర్మ్ అంటారు. వాటికి సామాను బిగించి, వెనక తలుపు తీయాల్సి వచ్చినప్పుడు గేటు తీసినట్టు పక్కకి తిప్పుతారు.

మూడో కారణం ఎవరూ పైకి చెప్పరు, చూడ్డానికి దర్జాగా ఉంటుందని! తప్పేం లేదు. కాకపోతే దర్జాకి ఎంత ఖర్చవుతోందో తెలుసుకుని మరీ పెట్టాలి.

డల్లాస్ లో ఉండి, సెలవులకి బిగ్ బెండ్ నేషనల్ పార్కులోని మట్టిరోడ్ల మీదకో, యూటాలోని మోయబ్ చుట్టుపక్కల రాళ్ల బాటల మీదకో తరచుగా వెళ్లే కుటుంబమైతే మొదటి కారణం నిజమైన కారణమే. అలా కాక, తారు రోడ్డు మీద వెళ్లి క్యాంపు స్థలంలో దిగి వంట చేసుకుని వచ్చేవారైతే బంపరు మార్చే పనే లేదు. బండి కింద ట్రెయిలర్ తగిలించడానికి ఉండే రెండంగుళాల చదరపు గొట్టం, అదే హిచ్ రిసీవర్, దానికి దూర్చుకునే సైకిల్ స్టాండు కొన్ని వందల డాలర్లలో వస్తుంది. పని అయ్యాక తీసి గరాజ్ లో పెట్టుకోవచ్చు. సగంమంది అవసరం ఇక్కడితో తీరిపోతుంది.

సరే, మీకు నిజంగానే కావాలనుకుందాం. అప్పుడు రంగూ రూపూ చూడకముందే మూడు ప్రశ్నలు వేయాలి. బరువెంత? తలుపు తెరుచుకుంటుందా? వెనక కనిపిస్తుందా?

మొదటి ప్రశ్న: బరువెంత?

బంపర్ల కేటలాగులో బంపరు బరువు రాస్తారు. దాని మీద మీరు పెట్టే సామాను బరువు రాయరు. అది మీరే లెక్కకట్టుకోవాలి. మాటవరసకి ఇలా అనుకుందాం. స్టీలు బంపరు, రెండు చేతులూ కలిపి 80 కిలోలు. స్టెప్నీ 30 కిలోలు, అంటే మనింట్లో నిండు గ్యాసు సిలిండరు ఎంతో ఇంచుమించు అంత. సామాన్ల పెట్టె 40 కిలోలు. రెండు సైకిళ్లు, వాటి స్టాండు కలిపి 50 కిలోలు. మొత్తం 200 కిలోలు.

“వ్యాను అంత పెద్దది, 200 కిలోలు ఓ లెక్కా?” అంటారేమో. అక్కడే ఉంది కిటుకు. బకెట్టు నీళ్లు చంకకి ఆనించి పట్టుకోవడం వేరు, చెయ్యి బారగా చాచి పట్టుకోవడం వేరు కదా! బంపరు వెనక చక్రాల మీద ఉండదు, వాటికి వెనక గాల్లో వేలాడుతుంది. అక్కడ పెట్టిన బరువు వెనక చక్రాల్ని తొక్కడమే కాక ముందు చక్రాల్ని పైకి లేపుతుంది, అచ్చం ఏతాం లాగా.

లెక్క చూడండి. స్ప్రింటర్ పొట్టి రకంలో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం సుమారు 366 సెంటీమీటర్లు. బంపరు మీది సామాను వెనక చక్రాల నుంచి 140 సెంటీమీటర్లు వెనగ్గా ఉందనుకుంటే, 140 ని 366 తో భాగించండి. 0.38 వస్తుంది. అంటే వెనక పెట్టిన ప్రతి 100 కిలోలకీ వెనక చక్రాల మీద పడేది 138 కిలోలు, ముందు చక్రాల మీద తగ్గేది 38 కిలోలు. మన 200 కిలోల సామానుకి వెనక 276 కిలోలు పెరుగుతుంది, ముందు 76 కిలోలు తగ్గుతుంది. పాత బంపరు తీసేస్తారు కనుక దాని బరువు కొంచెం పోతుంది, అంతే.

ముందు చక్రాలు తేలికైతే ఏమవుతుంది? బండిని తిప్పేది అవే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పట్టి ఆపేదీ అవే. అవి నేలని గట్టిగా పట్టుకోకపోతే వాన రోడ్డు మీద స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. రాత్రిళ్లు హెడ్ లైట్లు రోడ్డు వదిలి చెట్ల మీద పడుతుంటే ముక్కు పైకి లేచిందని గుర్తు. ప్రోమాస్టర్ కొన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. దాంట్లో ఇంజను నడిపేది ముందు చక్రాలనే. వాటి మీద బరువు తగ్గితే బురదలో, గడ్డి నేలలో చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి.

ఇక వెనక టైర్ల సంగతి. మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు మోస్తూ ఎండల్లో హైవే మీద గంటల తరబడి పరుగెడితే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. దీన్ని ఊహకి వదిలేయక్కర్లేదు. డ్రైవరు తలుపు తీస్తే ఆ చట్రం మీద చీటీలు అంటించి ఉంటాయి. ఒకదాని మీద బండి మొత్తం ఎంత బరువు దాటకూడదో, ముందు ఇరుసు ఎంత మోయాలో, వెనక ఇరుసు ఎంత మోయాలో ఉంటుంది. స్ప్రింటర్ 2500 రకంలో తరచుగా కనిపించే మొత్తం అంకె 9,050 పౌండ్లు, అంటే సుమారు 4,105 కిలోలు. మీ బండి మీద ఏ అంకె ఉంటే అదే మీకు లెక్క.

ఇప్పుడు మనం చేయాల్సిన పని. అక్కడ లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకుల్లో క్యాట్ స్కేల్ అని కాటాలుంటాయి. పదీ ఇరవై డాలర్ల మధ్యలో తూకం వేసి, ముందు ఇరుసు ఎంత, వెనక ఇరుసు ఎంత అని విడివిడిగా చీటీ ఇస్తారు. ఖాళీ బండి తూచి లాభం లేదు. ఊరికి బయల్దేరినట్టే బయల్దేరండి. నీళ్ల ట్యాంకు నింపండి. 30 గ్యాలన్ల ట్యాంకైతే అందులో నీళ్లే 113 కిలోలు! డీజిలు నింపండి. బియ్యం, పప్పులు, కుక్కరు, పచ్చళ్ల సీసాలు, దుప్పట్లు, పిల్లల పుస్తకాలు అన్నీ సర్దండి. అందరూ కూర్చోండి. అప్పుడు తూయించి, వెనక ఇరుసు కింద వచ్చిన అంకెని తలుపు మీది అంకెలోంచి తీసేయండి. మిగిలినదే మీ బంపరుకీ, దానిమీది సామానుకీ ఉన్న జాగా. మన ఉదాహరణలో 276 కిలోల జాగా కావాలి. ఉందా, సరే. లేదా, ఆ బంపరు ఎంత అందంగా ఉన్నా మీది కాదు.

ఈ తూకం పని బంపరు కొనకముందు చేయాలి. కొన్నాక చేస్తే దిగులే మిగిలేది.

రెండో ప్రశ్న: తలుపు తెరుచుకుంటుందా?

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. దుకాణాల వాళ్లు దీన్ని సాధారణంగా ఎత్తరు.

ఇలాంటి వ్యాన్లలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో సర్దుతారు. మంచం వెనక, పొయ్యి మధ్యలో పక్కతలుపు దగ్గర. రాత్రి అందరూ వెనక నిద్రపోతారు. ఖర్మం చాలక పొయ్యి దగ్గర గ్యాసు లీకై మంట లేచిందనుకోండి, పక్కతలుపుకి వెళ్లే దారి మూసుకుపోతుంది. ముందు సీట్లకి వెళ్లాలన్నా ఆ మంటని దాటాల్సిందే. ఇక మిగిలేది తలదగ్గరున్న వెనక తలుపే. ఆ తలుపుని లోపల్నుంచి తోస్తే తెరుచుకోవాలి. కానీ బయట రెండు ఇనప చేతులు గడియ పెట్టినట్టు అడ్డంగా బిగించి ఉంటే? తలుపు గొళ్లెం తీసినా అది అంగుళం కదిలి ఆగిపోతుంది. ఆ చేతుల పిడి బయట ఉంది, మీరు లోపలున్నారు.

ఇంటికి బయట్నుంచి తాళం వేసి లోపల పిల్లల్ని పడుకోబెడతామా? ఇదీ అంతే.

దీనికి మార్గాలు లేకపోలేదు. వ్యాను వెనక తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకోవు. ఒకటి ముందు తెరిస్తేనే రెండోది వస్తుంది. మీ బండికి ముందు తెరుచుకునే తలుపు ఏదో చూసుకోండి. ఆ తలుపుకి అడ్డంగా ఏ చెయ్యీ ఉండకూడదు. ఒకే చెయ్యి కొనుక్కుని రెండో తలుపు వైపు పెట్టించుకోవచ్చు. లేదా బంపరుకి చేతులే లేకుండా, తలుపు కీళ్లకే బిగించే స్టాండ్లు ఉంటాయి. అవి తలుపుతోపాటే తిరుగుతాయి. కాకపోతే ఆ కీళ్లు ఎంత బరువు మోస్తాయో తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. దారికి అడ్డం రాకూడదంటే పెట్టే పెట్టరాదు, స్టెప్నీ బండి కిందే ఉంచుకుంటాను అన్నా తప్పేం లేదు.

కొన్నాక ఒక పని తప్పకుండా చేయండి. సామాను అంతా బిగించి, పిల్లల్ని లోపల మంచం మీద కూర్చోబెట్టి, లైట్లు ఆర్పి, వెనక తలుపు లోపల్నుంచి తీసి దిగమనండి. వాళ్లకి ఆటలా ఉంటుంది, మీకు నిజం తెలుస్తుంది. పొయ్యి దగ్గరే కాక మంచం దగ్గర కూడా ఓ మంటలార్పే సిలిండరు, కప్పుకి పొగ పసిగట్టి మోగే అలారం, గ్యాసు లీకు చెప్పే అలారం ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఈ తలుపు విషయంలోనే ఇంకో మాట. స్వింగ్ ఆర్మ్ ని దుకాణంలో మీవారు తీసి చూపిస్తే తల ఊపి వచ్చేయకండి. మీ చేత్తో మీరు తీయండి. ఒక చేత్తో తీయండి, రెండో చేత్తో చంటిబిడ్డని ఎత్తుకోవాల్సి వస్తుంది కదా. గడియ మీ ఎత్తుకి అందుతోందా? స్టెప్నీ, పెట్టె ఎక్కించాక కూడా కదులుతోందా? పూర్తిగా తెరిచాక అక్కడే ఆగేలా కొక్కెమో, పిన్నో ఉందా? వాలు నేల మీద బండి ఆపినప్పుడు, గాలి వీచినప్పుడు ఆ చెయ్యి దానంతటదే తిరిగొచ్చిందంటే వెనక నిలబడ్డ పిల్లల ముఖానికి తగులుతుంది. కొక్కెం లేని చేతిని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పక్కనున్న బండికి తగలకుండా తెరవడానికి ఎంత జాగా కావాలో కూడా అక్కడే కొలిచి చూసుకోండి.

మూడో ప్రశ్న: వెనక కనిపిస్తుందా?

2002 లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక తండ్రి ఇంటి ముందు బండిని వెనక్కి తీస్తూ, వెనక ఉన్న తన రెండేళ్ల కొడుకుని చూడలేకపోయాడు. బిడ్డ దక్కలేదు. ఆ తండ్రి పిల్లల వైద్యుడు. ఆయనా, అలాంటి కడుపుకోత పడ్డ మరికొన్ని కుటుంబాలూ ఏళ్ల తరబడి పోరాడితే 2008 లో అమెరికాలో ఆ బిడ్డ పేరుమీదే చట్టం వచ్చింది. 2018 మే 1 నుంచి తయారయ్యే కార్లకీ, 10,000 పౌండ్ల లోపు వ్యాన్లకీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. అద్దాల్లో కనపడని నేలని, సరిగ్గా చంటిపిల్లలు నిలబడే చోటుని చూపించడానికే అది.

ఇప్పుడు చూడండీ, అలాంటి కెమెరా ముందు మనం స్టెప్నీ, సామాన్ల పెట్టె తెచ్చి తగిలిస్తే ఏం లాభం? తెర మీద టైరు నల్లగా కనిపిస్తుంది, అంతే. అందుకని బంపరు ఎంచుకునేటప్పుడే అడగండి. సామాను ఎక్కించాక నా కెమెరాకి అడ్డం వస్తుందా? వస్తే దాన్ని వేరే చోటికి మార్చే ఏర్పాటు మీ దగ్గరుందా? ధరలో అది కలిసిందా, విడిగానా? బిగించే రోజున బండి వెనక నేలమీద ఓ బకెట్టు పెట్టి, సీట్లో కూర్చుని తెర మీద కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బు చెల్లించండి. అక్కడి చట్టం ప్రకారం కంపెనీ పెట్టిన భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేయడం మరమ్మతు దుకాణాల వాళ్లకి నిషిద్ధం. ఆ మాట మీరు అడిగితే వాళ్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తారు.

కెమెరా ఒక్కటే కాదు. పాత బంపరులో గుండ్రటి చిన్న బిళ్లల్లాంటి పార్కింగ్ సెన్సర్లుంటాయి. కొత్త దాంట్లో వాటికి సరిపడే రంధ్రాలుండాలి. పక్కనుంచి వచ్చే బండిని పసిగట్టే రాడార్లు కొన్ని బళ్లలో వెనక మూలల్లో, ప్లాస్టిక్ చాటున దాక్కుని ఉంటాయి. రాడారు ప్లాస్టిక్ గుండా చూడగలదు, లోహం గుండా చూడలేదు. దాని ముందు స్టీలు వచ్చిందంటే కళ్లకి గంతలు కట్టినట్టే. నంబరు ప్లేటు కనబడాలి, రాత్రి దాని మీద దీపం వెలగాలి. బ్రేకు లైట్లకీ సైకిల్ చక్రాలు అడ్డం రాకూడదు. సామాను అంతా ఎక్కించి, పది గజాలు వెనక్కి నడిచి ఒకసారి చూస్తే ఇవన్నీ తెలిసిపోతాయి.

స్టీలా, అల్యూమినియమా?

వంటింట్లో రెండూ వాడేవాళ్లం, మనకి చెప్పాలా! ఒకే కొలత ముక్క తీసుకుంటే అల్యూమినియం బరువు స్టీలులో మూడోవంతు. కాకపోతే అంత బలం రావడానికి మందం పెంచాలి కనుక బంపరు మరీ మూడోవంతుకి దిగదు. తేలికైందే, ఖరీదు ఎక్కువ. తూకంలో జాగా తక్కువ మిగిలినవారికి అదే గతి.

స్టీలు చౌక, దెబ్బకి ఓర్చుకుంటుంది, వంగితే ఏ వెల్డింగు షాపులోనైనా సరిచేస్తారు. కానీ పైనున్న పౌడర్ కోటింగ్ రాయి తగిలి లేచిపోయిన చోట తుప్పు మొదలవుతుంది. మిషిగన్, మిన్నెసోటా లాంటి చోట్ల చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు స్టీలుకి శత్రువు. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు గానీ, దానికి స్టీలు బోల్టులు బిగించిన చోట ఉప్పునీళ్లు చేరితే అల్యూమినియం తెల్లగా పొడి రాలి తినేయబడుతుంది. మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు, బోల్టులకి తగిన గ్రీజు వాడారా అని అడగండి. రెండు రకాలకీ మందు ఒకటే, ఉప్పు రోడ్ల మీంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం.

బిగింపు సంగతి

బంపరు అందమంతా బయట ఉంటుంది, బలమంతా లోపల ఉంటుంది. అది బండి ఛాసిస్ కి ఎన్ని బోల్టులతో, ఎక్కడ బిగిసిందో చూపించమనండి. రేకుకి బిగించేది బంపరు కాదు, అలంకారం. బోల్టులు టార్క్ రెంచితో లెక్క ప్రకారం బిగించాలి. కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ ఓసారి బిగువు చూపించాలి.

అక్కడ కార్ల బంపర్లకి ప్రభుత్వం పెట్టిన దెబ్బల పరీక్ష ఒకటుంది. కానీ అది కార్లకే, ఈ వ్యాన్లకి వర్తించదు. విడిగా అమ్మే బంపరు మీద “హెవీ డ్యూటీ” అని రాసుంటే అది అమ్మేవాడి మాటే తప్ప ప్రభుత్వ ముద్ర కాదని గుర్తుంచుకోండి. అదీగాక, బంపరు మరీ మొండిగా ఉంటే దెబ్బని తను తినకుండా ఛాసిస్ కి అందిస్తుంది. ప్లాస్టిక్ తొడుగు పగిలితే మార్చుకోవచ్చు, ఛాసిస్ వంగితే బండే మారిపోతుంది.

బురదలో దిగబడినప్పుడు లాగడానికి బంపరు మీద కొక్కేలు ఉంటాయి. అవి ఎంత బరువుకి తట్టుకుంటాయో అంకె అడిగి రాయించుకోండి. ట్రెయిలర్ తగిలించే గుండు ఉంటుంది చూడండి, దానికి మాత్రం తాడు కట్టి లాగించొద్దు. అది తెగిందంటే ఫిరంగి గుండులా ఎగిరొస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అలాగే పెట్రోలు డబ్బాలు, గ్యాసు సిలిండర్లు బంపరు మీద పెట్టొద్దు. వెనకనుంచి ఎవరు గుద్దినా ముందు తగిలేది వాటికే.

డబ్బూ, కాగితాలూ

బంపరు ధర ఒక్కటే చూసి మురిసిపోకండి. చేతులు, స్టాండ్లు, కెమెరా మార్పు, పెయింటు, బిగింపు కూలి, ఇంటికి చేరవేసే ఖర్చు ఇవన్నీ విడివిడిగా వస్తాయి. మొత్తం ఒక కాగితం మీద రాయించుకున్నాకే బేరం. ఇన్సూరెన్సు కంపెనీకి కొత్త బంపరు సంగతి రాసి తెలియజేయండి. విడిగా పెట్టించినవాటిని పాలసీలో చేర్చకపోతే దెబ్బ తగిలిన రోజున డబ్బు రాకపోవచ్చు. “బయటి బంపరు పెడితే వారంటీ పోతుంది” అని ఎవరైనా బెదిరిస్తే కంగారుపడకండి. 1975 నుంచి ఉన్న అక్కడి వారంటీ చట్టం ప్రకారం, ఆ బంపరు వల్లే ఫలానా భాగం చెడిందని చూపించకుండా వారంటీ నిరాకరించడానికి వీల్లేదు. రసీదులు మాత్రం భద్రంగా దాచుకోండి.

మరి ఇక్కడున్నవారికి?

మన ఊళ్లలో కూడా కారు వెనక మెరిసే స్టీలు గొట్టాలు పెట్టించడం చూస్తూనే ఉంటాం. అమెరికా ముచ్చట చదివి అలాంటివి పెట్టించడానికి బయల్దేరకండి. మన మోటారు వాహనాల చట్టం 1988 లో 52 వ సెక్షను ఉంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం దాని ప్రకారం కుదరదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, వాహనాలకి క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం చట్టవిరుద్ధమని, చర్య తీసుకోవాలని రాష్ట్రాలకి రాసింది. కానీ బరువు లెక్క ఏ దేశంలోనైనా ఒకటే. తిరుపతి వెళ్లినా, శ్రీశైలం ఘాటు ఎక్కినా బరువైన సామాను రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందగా సర్దండి. డిక్కీ చివర్నో, టాపు మీదో బియ్యం బస్తా పెట్టకండి.

చీటీ రాసి పెట్టుకోండి

ఒకటి: ఏ దారుల్లో తిరుగుతాం, నిజంగా అవసరమా?
రెండు: నిండు బండి తూకం చీటీ, వెనక ఇరుసులో మిగిలిన జాగా.
మూడు: బంపరు, దానిమీది సామాను మొత్తం బరువు, దానికి మూడో వంతుకి పైగా కలిపి లెక్క.
నాలుగు: లోపల్నుంచి వెనక తలుపు తెరుచుకోవడం.
అయిదు: చెయ్యి తెరిచాక ఆపే కొక్కెం.
ఆరు: కెమెరా, సెన్సర్లు, లైట్లు, నంబరు ప్లేటు.
ఏడు: ఛాసిస్ కి బిగింపు, లాగే కొక్కేల అంకె.
ఎనిమిది: మొత్తం ఖర్చు ఒకే కాగితం మీద, ఇన్సూరెన్సుకి తెలియజేయడం.

ఈ ఎనిమిదింటిలో నాలుగోది కుదరకపోతే మిగతా ఏడూ కుదిరినా వద్దనండి. మొహమాటపడకండి. దుకాణంలో నలుగురు మగవాళ్లు నిలబడి గుర్రపు బలాలూ గేరు లెక్కలూ మాట్లాడుకుంటుంటే మనకెందుకులే అనిపిస్తుంది. మీరు అడగాల్సింది ఒక్కటే మాట, “బాబూ, ఈ తలుపు లోపల్నుంచి తీసి చూపించు” అని. చూపించగలిగితే కొనండి. లేకపోతే ఆ మూడు వేల డాలర్లతో చాలా ఊళ్లే చూసి రావచ్చు.